తైవాన్ వీధి తిండి: ముందు గిన్నెలో ఉడికినవి అడగండి

తైవాన్ తిండి దొరికే మామూలు రెస్టారెంటుకి మొదటిసారి వెళ్ళిన మనవాళ్ళ టేబుల్ మీద దాదాపు ఎప్పుడూ అవే కనిపిస్తాయి. వేయించిన చికెన్ ముక్కలు, పంది మాంసం పెట్టిన మెత్తటి బన్ను, ఆయిస్టర్ అనే సముద్రపు గుల్లలతో వేసే ఆమ్లెట్, పెద్ద గ్లాసులో కర్రపెండలం ముత్యాలు వేసిన బోబా టీ. అన్నీ ఒక్కసారే చెప్తారు, అన్నీ ఒక్కసారే వస్తాయి. బన్ను తినేలోపు చికెన్ మెత్తబడుతుంది, చికెన్ అయ్యేలోపు ఆమ్లెట్ జిగురుముద్ద అయిపోతుంది. "బానే ఉంది గానీ, దీనికి ఇంత పేరెందుకో" అనుకుంటూ బిల్లు కట్టి లేస్తారు. ఈ తీర్పు అన్యాయమని నా వాదన. ఆ చోట బాగా రాని వంటల్ని ఏరి మరీ తెప్పించుకుని, బాగా వచ్చేవాటిని ముట్టకుండా వచ్చేస్తే తైవాన్ వంట రుచి చూసినట్టు కాదు.

తైవాన్ వీధి తిండిని రెండు రాశులుగా పోసుకుంటే ఆర్డర్ చెప్పడం సులువవుతుంది. గంటల తరబడి గిన్నెలో ఉడికి, ఊరి, మళ్ళీ వేడెక్కేకొద్దీ బాగుపడేవి ఒక రాశి. పంది మాంసం పులుసు పోసిన అన్నం లూ రౌ ఫాన్, బీఫ్ నూడుల్ సూప్, సోయా పులుసులో ఊరబెట్టిన గుడ్లు, టోఫు అనే సోయా పనీరు ఎండుది, సముద్రపు నాచు ఇందులోకి వస్తాయి. పెనం మీంచో మూకుడులోంచో దిగాక ఐదారు నిమిషాలు మాత్రమే బాగుండేవి రెండో రాశి. యాన్ సూ జీ అనే వేయించిన చికెన్, గువా బావ్ అనే బన్ను, ఆయిస్టర్ ఆమ్లెట్, ఉల్లికాడల రొట్టె అటువైపు. మొదటి రాశి వంటలు కూర్చుని తినే చోట బండి దగ్గరికన్నా బాగా రాగలవు. రెండో రాశివి వంటమనిషి, తినేమనిషి ఇద్దరూ జాగ్రత్త పడితేనే వస్తాయి. మెనూలో మాత్రం రెండో రాశి ఫోటోలే పెద్దగా వేస్తారు, ఫోటోకి అవే బాగుంటాయి కాబట్టి.

వీధి తిండిని వీధిలోనే తినాలి, నాలుగు గోడల మధ్య పెడితే ప్రాణం పోతుంది అనేవాళ్ళున్నారు. నేను ఒప్పుకోను. అసలు తైవాన్‌లోనే వీధికీ హోటలుకీ మధ్య గోడ చాలా పల్చన. పాత ఊళ్ళలో కొట్ల వరస ముందు పైకప్పు ఉన్న నడవా ఉంటుంది. పొయ్యి, పెద్ద గిన్నె, పులుసులో నానుతున్న గుడ్లు వీధి వైపు ఆ నడవాలో, నాలుగు స్టీలు బల్లలు లోపల. ఆర్డర్ చీటీ మీద పెన్సిల్‌తో అంకె వేసి వంటమనిషి చేతికిచ్చి లోపలికి వెళ్ళి కూర్చుంటారు. మనం ఇంకో దేశంలో చూసే తైవాన్ రెస్టారెంటు ఆ కొట్టుకి పెద్దరూపమే. 2018లో రాజధాని తైపేకి, హోటళ్ళని ఎంచి పేరు పెట్టే మిషెలిన్ గైడ్ మొదటిసారి వచ్చినప్పుడు, తక్కువ ధరకి మంచి తిండి పెట్టేవాళ్ళ జాబితాలో రాత్రి బజారు బళ్ళూ ఉన్నాయి, ఇలాంటి కొట్లూ ఉన్నాయి.

రెస్టారెంటుకి చేతకానిది వేరే ఉంది. రాత్రి బజార్లు చాలావరకు గుళ్ళ చుట్టూ పెరిగినవి. కీలుంగ్‌లో దియెన్‌జీ గుడి ముందర, తైపేలో రావ్‌హ వీధి మొదట్లో ఉన్న త్సియౌ గుడి పక్కన, షిలిన్‌లో త్సిషియన్ గుడి దగ్గర. గుడికొచ్చే జనం ఎప్పుడూ ఉంటారు గనక ఒక్కో బండి ఒక్క వంటే చేసి బతకగలిగింది. రోజంతా అదే పిండి, అదే పెనం, అదే చెయ్యి. రావ్‌హలో మిరియాల బన్ను చేసేవాళ్ళు మాంసం, ఉల్లికాడలు కూరిన పిండిని నిప్పులున్న మట్టి పొయ్యి లోపలి గోడకి చేత్తో అతికిస్తారు. ఆ పొయ్యి చల్లారనే చల్లారదు, జనం లైను ఆగదు కాబట్టి. డెబ్భై వంటల మెనూ పెట్టుకున్న రెస్టారెంటుకి అది ఎలా కుదురుతుంది? ఆయిస్టర్ ఆమ్లెట్ గంటకి ఒకటి అమ్ముడైతే పెనం ఆ వేడిలో ఉండదు, పిండి గిన్నె అడుగుకి దిగిపోతుంది, ఆయిస్టర్లు ఫ్రీజర్‌లోంచి వస్తాయి. అందుకే మెనూ ఒక పేజీ దాటిన చోట నిమిషాల వంటల మీద ఆశ పెట్టుకోవద్దంటాను.

ఇక లూ రౌ ఫాన్. చిన్న గిన్నెడు అన్నం మీద రెండు మూడు గరిటెల పంది మాంసం, దాని పులుసు. చూడ్డానికి ఏమీ ఉండదు. మెనూలో ఓ మూల, అన్నిటికన్నా తక్కువ ధరకి ఉంటుంది. ఏ తైవాన్ వంటగదినైనా తూచాలంటే దీంతోనే తూచాలి, ఎందుకంటే ఇందులో దాచుకోడానికి ఏమీ లేదు.

అరకిలో పంది పొట్ట మాంసం, తోలుతో సహా కావాలి. అరగంట ఫ్రీజర్‌లో పెట్టి గట్టిపడ్డాక కత్తితో అర సెంటీమీటరు మందం పుల్లల్లా కోయాలి, ప్రతి ముక్కలో కాస్త తోలు, కాస్త కొవ్వు, కాస్త కండ ఉండేట్టు. ఇక్కడే చాలాచోట్ల తప్పుతారు. పని తగ్గుతుందని కైమా వాడతారు. కైమాలో తోలు ఉండదు, తోలు లేకపోతే పులుసుకి జిగురు రాదు, జిగురు రాకపోతే కార్న్‌ఫ్లోర్ కలుపుతారు. కార్న్‌ఫ్లోర్ పులుసు నిగనిగలాడుతుంది గానీ నోట్లో నీళ్ళలా జారిపోతుంది. తోలు జిగురున్న పులుసు తిన్నాక పెదాలు ఒకదానికొకటి అంటుకోవాలి. ఫ్రిజ్‌లో పెడితే గడ్డకట్టాలి. ఇంతకన్నా నమ్మకమైన పరీక్ష లేదు.

రెండో ముఖ్యమైనది ఎర్ర చిన్న ఉల్లి, మనం సాంబార్లో వేసే రకానికి దగ్గరిది. నూటయాభై గ్రాములు సన్నగా చక్రాలు తరిగి, చల్లటి నూనెలోనే వేసి, మంట తగ్గించి పన్నెండు పదిహేను నిమిషాలు కదుపుతూ వేయించాలి. లేత బంగారు రంగు రాగానే తీసెయ్యాలి. బయటికొచ్చాక కూడా తన వేడికి తనే ఇంకా ముదురుతుంది. మూకుడులోనే ముదురు రంగు వచ్చేదాకా ఆగితే చేదెక్కుతుంది, ఆ చేదు గిన్నె మొత్తానికి పాకుతుంది, పంచదార వేసినా పోదు. తర్వాత మాంసాన్ని విడిగా వేయించి కొవ్వు కరగనిచ్చి, ఇరవై గ్రాముల పటికబెల్లం, డెబ్భై మిల్లీలీటర్ల సోయా సాస్, అంతే రైస్ వైన్, అనాసపువ్వు, దాల్చినచెక్క, లవంగం లాంటివి కలిపిన ఫైవ్ స్పైస్ అనే చైనా మసాలా పొడి అర టీస్పూను, అరలీటరు నీళ్ళు, వేయించిన ఉల్లి కలిపి గంటన్నర సన్నసెగ మీద ఉంచాలి. ఉడికించి ఒలిచిన గుడ్లు చివరి అరగంటలో వేస్తారు. ఫైవ్ స్పైస్ అర టీస్పూను దాటితే అనాసపువ్వు వాసన తప్ప ఇంకేం మిగలదు. ఆ తర్వాత చల్లార్చి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచాలి. మర్నాడు వేడిచేస్తే ఉప్పు, తీపి, కొవ్వు కలిసిపోయి ఉంటాయి. తెల్లవారి వడ్డించే ఈ ఓపిక రోజూ గిన్నె దించని రెస్టారెంటుకి సహజంగానే ఉంటుంది. అందుకే ఇది అక్కడ బాగుంటుందని అంటున్నాను.

అన్నం గురించి ఒక మాట. ఇది పొట్టి గింజ బియ్యం, కొంచెం అంటుకుంటుంది. 1895 నుంచి 1945 దాకా జపాన్ పాలనలో ఉన్నప్పుడు తైవాన్ వాతావరణానికి తగ్గట్టు జపాన్ రకాలు తయారుచేసి 1926లో వాటికి పోన్లై అని పేరు పెట్టారు, ఇప్పటికీ తింటున్నది ఆ కుదురువే. సోనా మసూరి లాంటి పొడిపొడి అన్నం మీద ఈ పులుసు పోస్తే కిందికి జారి అడుగున మడుగు కడుతుంది, పైన అన్నం తెల్లగా మిగులుతుంది. ఇంట్లో చేసుకునేవాళ్ళు బియ్యం మాత్రం మార్చుకోకుండా చెయ్యొద్దు. ఇక తైవాన్ వరికీ మన గోదావరి పొలాలకీ చుట్టరికం ఇంకో దారిలో ఉంది. 1966లో ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ విడుదల చేసిన ఐఆర్-8 అనే వరి వంగడానికి పుట్టుకనిచ్చిన రెండు రకాల్లో ఒకటి డీ-జియో-వూ-జెన్ అనే తైవాన్ పొట్టి వరి. పైరు పడిపోకుండా నిలబడే గుణం దాన్నుంచి వచ్చిందే. పాతతరం రైతులకి ఐఆర్-8 గురించి వేరే చెప్పక్కర్లేదు.

బీఫ్ నూడుల్ సూప్ కూడా గిన్నె వంటే. 1949 తర్వాత చైనా నుంచి వచ్చిన సైనిక కుటుంబాల చేతుల్లో పుట్టిందని చెప్తారు, కావ్‌శ్యుంగ్ దగ్గరి గాంగ్‌షాన్‌లో చేసే కారం బీన్స్ పేస్టు దానికి ఆధారం. మనలో చాలామంది తినరు, అది వాళ్ళ ఇష్టం. తైవాన్ రైతు కుటుంబాల్లో కూడా పాతతరంవాళ్ళు పొలం దున్నిన ఎద్దు కదా అని ముట్టరు. కాబట్టి తినను అని చెప్తే అక్కడెవరూ వింతగా చూడరు. దానికి బదులు పులుసులో ఊరిన వాటి పళ్ళెం అడగండి. గుడ్డు, ఎండు టోఫు, నాచు, ముక్క చొప్పున ధర. టోఫు కోసి చూస్తే రంగు లోపలిదాకా దిగి ఉండాలి. బయట గోధుమరంగు, లోపల తెల్లగా ఉంటే పొద్దున్నే పులుసులో ముంచి మధ్యాహ్నానికి పెట్టేశారన్నమాట.

నిమిషాల వంటల్లో అందరూ అడిగేది యాన్ సూ జీ. దీన్ని మామూలు చికెన్ పకోడీ అనుకుని తింటే సగం తెలియదు. పిండి దగ్గరే తేడా. తైవాన్‌లో ముతక చిలగడదుంప స్టార్చ్ వాడతారు, రవ్వలా గరుకుగా ఉంటుంది. వేగాక పైన చిన్న చిన్న తెల్లటి గుల్లల్లా పొంగుతుంది. కార్న్‌ఫ్లోర్ వేస్తే నున్నటి పెంకు వస్తుంది, మైదా వేస్తే దళసరి తొడుగు వస్తుంది, రెండూ ఇది కావు.

అరకిలో ఎముకలేని తొడ మాంసం, మూడు సెంటీమీటర్ల ముక్కలు. రెండు టేబుల్ స్పూన్ల సోయా సాస్, ఒకటి రైస్ వైన్, టీస్పూను పంచదార, దంచిన వెల్లుల్లి నాలుగు రెబ్బలు, ఫైవ్ స్పైస్ అర టీస్పూను, తెల్ల మిరియాల పొడి పావు టీస్పూను పట్టించి కనీసం గంట ఉంచాలి. ఒక గుడ్డులోని తెల్లసొన కలిపి, ముక్కల్ని స్టార్చ్‌లో దొర్లించి, పళ్ళెంలో పరిచి పది నిమిషాలు వదిలెయ్యాలి. ఈ పది నిమిషాలు ఎగ్గొడితే మొత్తం పోతుంది. పొడిగా తెల్లగా ఉన్న పిండి మాంసంలోని తడి పీల్చుకుని మచ్చలు మచ్చలుగా తడవాలి, అప్పుడే ముక్కని పట్టుకుంటుంది. పొడి పిండితో వేస్తే నూనెలోకి రాలిపోయి అడుగున మాడుతుంది, తర్వాతి వాయికి ఆ మాడు వాసన అంటుతుంది. మొదటి వాయి నూట అరవై డిగ్రీల దగ్గర మూడు నిమిషాలు. తీసి మూడు నిమిషాలు ఆరనివ్వాలి. రెండోసారి నూట తొంభై దగ్గర ముప్పావు నిమిషం. దించే ముందు అయిదారు సెకన్లు గుప్పెడు బేసిల్ ఆకులు. ఆకు మీద తడి చుక్క ఉన్నా నూనె చిమ్ముతుంది కాబట్టి బట్టతో తుడిచి మరీ వేస్తారు. ముందే వేస్తే నల్లబడి చేదెక్కుతుంది. ఆ ఆకు మన సబ్జా గింజలిచ్చే మొక్క జాతిదే. పూజ తులసి వేస్తే ఘాటు వేరు, ఆ తీపి వాసన రాదు.

రెస్టారెంటులో ఏం జరుగుతుందంటే, అదే నూనెలో చికెన్, టోఫు, చిలగడదుంప ముక్కలు, స్క్విడ్ అన్నీ వేగుతుంటాయి. రద్దీలో బుట్ట నిండా చల్లటి ముక్కలు పడేస్తే నూనె వేడి ఒక్కసారి పడిపోతుంది. వేడి తగ్గిన నూనెలో పిండి బిగుసుకోదు, నూనె తాగుతుంది. పైగా గిన్నెలో కుప్పగా పోసి తెస్తారు, కింది ముక్కల ఆవిరి పై ముక్కల్ని మెత్తబరుస్తుంది. బండివాడు కాగితం సంచీ మూతి తెరిచే ఇస్తాడు, అందులో అర్థముంది. దీన్ని మూతపెట్టిన డబ్బాలో పార్సిల్ కట్టించుకోవడమంటే మిరపకాయ బజ్జీని ప్లాస్టిక్ కవర్లో మూట కట్టి ఇంటికి తీసుకెళ్ళి తినడమే. తినాలనుకుంటే మొదట ఇదొక్కటే చెప్పండి, వచ్చిన వెంటనే తినేసి మిగతావి చెప్పండి. పళ్ళెం అడుగున నూనె మడుగు కనిపిస్తే ఆ పూటకి ఇంకేదీ వేయించినది అడక్కండి.

గువా బావ్ సంగతి ఇంకాస్త సున్నితం. నాలుక ఆకారంలో వత్తి, మధ్యకి మడిచి ఆవిరి మీద ఉడికించిన తెల్లటి బన్ను, అందులో గంటలపాటు ఉడికిన పొట్ట మాంసం, వేయించిన పుల్లటి ఆవాకు ఊరగాయ, పంచదార కలిపిన పల్లీ పొడి, కొత్తిమీర. ఈ ఐదూ ఉండాలి. మాంసం కొవ్వుకి ఆవాకు పులుపు విరుగుడు, పులుపుకి పల్లీ తీపి. ఒకటి తీసేస్తే మిగతావి ఎక్కువైనట్టు అనిపిస్తాయి. ఆవాకు బదులు కీరా ముక్కలు, పల్లీ పొడి బదులు తియ్యటి హోయిసిన్ సాస్ పెట్టి అమ్మేది వేరే వంట. బాగుండచ్చు, కానీ ఇది కాదు. తైవాన్ కొట్లలో కొవ్వుది కావాలా, కండది కావాలా, సగం సగమా అని అడుగుతారు. మొదటిసారైతే సగం సగం అనండి. బన్ను ఆవిరి మీంచి తీశాక మూడు నిమిషాల్లో పైతోలు ఎండి పగుళ్ళిస్తుంది. ఇంట్లో చేసేటప్పుడు ఇంకో చిక్కు. మూడువందల గ్రాముల మైదాకి నూటయాభై అయిదు మిల్లీలీటర్ల నీళ్ళు, మూడు గ్రాముల ఈస్టు, ముప్ఫై గ్రాముల పంచదార, పది గ్రాముల నూనె సరిపోతుంది. తొమ్మిది నిమిషాలు ఆవిరి పట్టాక మంట ఆపి, మూత ఒక పక్కకి కాస్త జరిపి రెండు నిమిషాలాగాలి. ఒక్కసారిగా మూత తీస్తే బన్ను ముడుచుకుపోయి ముడతలు పడుతుంది.

ఆయిస్టర్ ఆమ్లెట్ మాత్రం, ఆ ఒక్క వంటకే పేరున్న చోటైతే తప్ప, రెస్టారెంటులో అడగొద్దంటాను. వంద గ్రాముల చిలగడదుంప స్టార్చ్‌కి రెండొందల డెబ్భై మిల్లీలీటర్ల నీళ్ళు. స్టార్చ్ నీళ్ళలో కరగదు, ఊరికే తేలుతుంటుంది, ప్రతిసారీ అడుగు నుంచి కలిపి పొయ్యాలి. కలపకపోతే మొదటి ఆమ్లెట్ పల్చగా, చివరిది రబ్బరులా వస్తుంది. పెద్ద చదును పెనం మీద పంది కొవ్వు వేసి, ఆయిస్టర్లు, వాటి మీద ఈ నీళ్ళు, అది గాజులా పారదర్శకమయ్యాక గుడ్డు, పైన ఆకుకూర, తిరగెయ్యడం, చివర తీపి ఎర్ర సాస్. అంచులు కరకరలాడాలి, మధ్య సాగాలి. తైవాన్ పడమటి తీరంలో, జియాయీలోని దోంగ్‌షీ, బుదాయ్ వైపు పెరిగే ఆయిస్టర్లు చిన్నవి. వాటి బదులు వేరే దేశాల్లో దొరికే పెద్దవి, పైగా ఫ్రీజర్‌వి వేస్తే అవి విడిచే నీళ్ళకి పిండి బిగుసుకోదు, మొత్తం గంజిలా అవుతుంది. ఆయిస్టర్ రుచే కావాలంటే "మీ-సువా" అనే సేమ్యా వంటకం అడగండి. అది గిన్నె వంట. గంటలపాటు ఆవిరి పట్టి గోధుమరంగుకి తెచ్చిన సేమ్యా చేపల చారులో ఉడికినా చెదరదు. తైపే షిమెన్‌డింగ్‌లో 1975లో మొదలైన ఆ-చుంగ్ దుకాణం ఈ ఒక్క వంటతోనే నడుస్తోంది, అక్కడ మాత్రం ఆయిస్టర్లకి బదులు పంది పేగులు వేస్తారు. నల్ల వెనిగర్, వెల్లుల్లి, కొత్తిమీర పైన పోసుకుని వేడిగా ఉండగానే తినాలి. నోట్లో పెట్టుకున్న చెంచా మళ్ళీ మళ్ళీ గిన్నెలో తిప్పుతూ కూర్చుంటే లాలాజలం స్టార్చ్‌ని విరిచేస్తుంది, చిక్కగా ఉన్నది పావుగంటలో నీళ్ళయిపోతుంది. వంటమనిషిని తిట్టుకోవద్దు.

స్టింకీ టోఫు వాసనకి భయపడేవాళ్ళు వేయించినదే అడగండి, ఉడికించినది కాదు. కూరగాయలు, కొన్నిచోట్ల రొయ్యలు కూడా వేసి వారాల తరబడి పులియబెట్టిన నీళ్ళలో టోఫుని నానబెడతారు. బాగా వేగితే బయట పెళుసుగా, లోపల తేనెపట్టులా బోలుగా ఉంటుంది. మధ్యలో బొక్క పొడిచి వెల్లుల్లి సోయా నీళ్ళు పోస్తారు. పక్కన పెట్టే తీపి పులుపు క్యాబేజీని వదిలెయ్యొద్దు, అది లేకుండా తింటే నూనె ఒక్కటే తెలుస్తుంది. అసలు వాసనే రాకపోతే మామూలు టోఫుని కాసేపు ముంచి తీసినట్టు లెక్క.

మనవాళ్ళ నుంచి ఎప్పుడూ వినే ఫిర్యాదు రెండు మాటల్లో ఉంటుంది: తియ్యగా ఉంది, కారం లేదు. ఆ వెంటనే టేబుల్ మీది చిల్లీ ఆయిల్ సీసా ఒంపేస్తారు. తైవాన్ వంటలో పంచదార సోయా ఉప్పుని మెత్తబరచడానికి వేస్తారు, దక్షిణాన తైనాన్ వైపు ఇంకా ఎక్కువ. కారానికి బదులు తెల్ల మిరియాలు, పచ్చి వెల్లుల్లి, పుల్లటి ఆవాకు ఉన్నాయి. లూ రౌ ఫాన్ మీద చిల్లీ ఆయిల్ పోస్తే వేయించిన ఉల్లి వాసన మొదట చస్తుంది, గంటన్నర పనంతా దానికోసమే. కారం కావాలనుకుంటే చిన్న సాసర్లో పోసుకుని బన్నుకో టోఫుకో అద్దుకోండి, గిన్నెలో కలపొద్దు. ఇంకా సులువైన దారి, పచ్చి వెల్లుల్లి వేసి చితక్కొట్టిన కీరా సలాడ్ పక్కన పెట్టుకోవడం.

శాకాహారులకి తైవాన్ అనుకున్నంత కష్టం కాదు, అక్కడి రెస్టారెంటు పద్ధతి తెలిస్తే. బౌద్ధ శాకాహారం బలంగా ఉన్న దేశం. ప్యాకెట్ల మీద పూర్తి శాకాహారం, గుడ్డుతో, పాలతో, రెండిటితో, ఇంకా ఉల్లి వెల్లుల్లి జాతితో అని వేరువేరుగా ముద్రిస్తారు. పూర్తి శాకాహారం అన్నచోట ఉల్లి, వెల్లుల్లి, ఉల్లికాడ ఏవీ ఉండవు. కార్తీకంలో వాటిని మానేసేవాళ్ళకి ఇంతకన్నా ఏం కావాలి. కానీ శాకాహార హోటలు కాని చోట మాంసం ముక్క లేకపోతే చాలనుకోవద్దు. ఉల్లికాడల రొట్టె పొరల్లో పంది కొవ్వు ఉండచ్చు, ఉడికించిన ఆకుకూర మీద మాంసం పులుసు ఒక గరిటె పోస్తారు, టోఫు అదే పులుసులో ఊరి ఉంటుంది. "మాంసం లేదు కదా" అని అడిగితే లేదనే చెప్తారు, వాళ్ళు అబద్ధమాడినట్టు కాదు. పంది కొవ్వు వాడారా, మాంసం పులుసు పోశారా అని విడివిడిగా అడగాలి. పుట్టగొడుగులు, సోయా ముక్కలతో చేసిన శాకాహార లూ రౌ ఫాన్ ఉంటే తప్పక తినండి, ఎండు షియిటాకే నానబెట్టిన నీళ్ళు పోసి చేసినది చాలా బాగుంటుంది.

చివరగా బోబా టీ. 1980లలో పుట్టింది. తైచుంగ్‌లోని చున్ షుయ్ తాంగ్, తైనాన్‌లోని హాన్‌లిన్ రెండూ మాదంటే మాదని పదేళ్ళు కోర్టులో కొట్లాడుకుంటే, 2019లో అది ఎవరి సొత్తూ కాదని తేలింది. ముత్యాలు కర్రపెండలం స్టార్చ్‌వి. సామర్లకోట, పెద్దాపురం మిల్లుల్లో సగ్గుబియ్యం చేసేదీ ఆ దుంపతోనే. అయినా సగ్గుబియ్యం ఉడికించి టీలో వేస్తే బోబా కాదు, గింజ చిన్నది, నమిలేంత సాగదు. ఇంట్లో చెయ్యాలంటే అరవై మిల్లీలీటర్ల నీళ్ళలో యాభై గ్రాముల బెల్లం కరిగించి, తెర్లుతుండగానే వంద గ్రాముల స్టార్చ్‌లో మూడోవంతు వేసి కలిపి, దించి మిగతాది పిసకాలి. నీళ్ళు తెర్లకపోతే పిండి ముద్ద కట్టదు, చేతిలో కారిపోతుంది. ఎండు ముత్యాలైతే వంద గ్రాములకి లీటరు మరిగే నీళ్ళు, పాతిక నిమిషాలు ఉడికించి, మంటాపి మూతపెట్టి ఇరవై నిమిషాలు, తర్వాత పంచదార పాకంలో. నాలుగు గంటలు దాటితే మధ్యలో గట్టిపడతాయి, ఫ్రిజ్‌లో పెడితే ఇంకా త్వరగా. రెస్టారెంటు మూసే వేళకి బోబా తాగడం ఎందుకు వద్దో దీన్నిబట్టే తెలుస్తుంది. భోజనంతో పాటు తాగడం కూడా నాకు నచ్చదు. తియ్యటి వంట మీద తియ్యటి పాలు పోస్తే రెండూ మొద్దుబారతాయి. భోజనానికి పంచదార లేని ఊలాంగ్ టీ తీసుకుని, బోబా తర్వాత ముప్ఫై శాతం తీపితో చెప్పండి.

నలుగురు వెళ్తే నేను చెప్పే వరస ఇది. కూర్చోగానే ఊరిన గుడ్లు, టోఫు, కీరా సలాడ్. వేయించినది ఏదైనా ఒకటే, అది ఖాళీ అయ్యేదాకా ఇంకోటి చెప్పకుండా. తర్వాత మనిషికో చిన్న లూ రౌ ఫాన్, అందరికీ కలిపి ఒక ఉడికించిన ఆకుకూర. గువా బావ్ మనిషికొకటి చివర్లో, ఆవిరి మీంచి నేరుగా. అమెరికాలో కాలిఫోర్నియాలోని కుపర్టినో, మిల్పిటాస్ లాంటి చోట్ల తైవాన్ కుటుంబాలు కూర్చున్న బల్లల వైపు చూస్తే దాదాపు ఇలాగే తింటూ కనిపిస్తారు. ఇంటికి తీసుకెళ్ళాలంటే లూ రౌ ఫాన్ పులుసు, ఊరిన టోఫు తీసుకెళ్ళండి. అన్నం, పులుసు వేరువేరు డబ్బాల్లో కట్టించుకోవాలి. పులుసు ఫ్రిజ్‌లో మూడు రోజులుంటుంది, కావలసినంతే తీసి చిన్న మంట మీద వేడిచేసుకుని, అన్నం మాత్రం అప్పటికప్పుడు వండుకోండి.